వినియోగ ధ్రువపత్రం గారికి, బయల్దేరని బస్సులోంచి

మహారాజశ్రీ వినియోగ ధ్రువపత్రం గారి సముఖానికి,

హైదరాబాదులో ఒక జీవవైద్య పరిశోధనశాలలో పీహెచ్‌డీ ఐదో ఏడు నెట్టుకొస్తున్న సీనియర్ రిసెర్చ్ ఫెలో నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి అనాలి గాని అందులో సగమే నిజం. మీరు కుశలం. మొన్న ఫైనాన్స్ సెక్షన్‌కి వచ్చినప్పుడు కళ్లారా చూశాను. ట్యాగు కట్టిన ఫైల్లో, ఫ్యాను కింద, పేపర్‌వెయిట్ కప్పుకుని నిద్రపోతున్నారు. నా కుశలం ఈ ఉత్తరం చదివితే తెలుస్తుంది. చదవరని తెలుసు. ఆమాటకొస్తే మిమ్మల్నీ ఎవరూ చదవరు, సంతకం ఉందో లేదో చూస్తారంతే. నా థీసిస్ గతీ అదే కాబట్టి ఆ విషయంలో మనిద్దరికీ పేచీ లేదు.

ల్యాబుల్లో మిమ్మల్ని పూర్తి పేరుతో పిలిచేవాళ్లు లేరు. యుటిలైజేషన్ సర్టిఫికెట్‌ని కుదించి యూసీ అంటారు. కేంద్ర ప్రభుత్వ పాత జనరల్ ఫైనాన్షియల్ రూల్స్‌లో, అంటే 2005 నాటివాటిలో, మీ ఫారం నంబరు 19-ఏ. 2017లో రూల్స్ కొత్తవి వచ్చాక 12-ఏ అయ్యారు. ఏడు అంకెలు తగ్గారు. బరువు మాత్రం తగ్గలేదు.

ముందే ఒక మాట చెప్పుకోనివ్వండి, లెక్క అడిగితే ఏడ్చే రకం కాదు నేను. మా నాన్న తెనాలి డిపోలో ముప్ఫై రెండేళ్లు కండక్టరుగా చేసి రిటైరయ్యాడు. మిషన్లు రాకముందు సంగతి: స్టేజీ దాటగానే వే బిల్లులో టికెట్ నంబర్లు వేసుకోవాలి. చెకింగ్ వాళ్లు ఎక్కితే ముందు చెయ్యి చాపేది దానికే. రాత్రి డ్యూటీ దిగి డిపోలో డబ్బు అప్పజెప్పేటప్పుడు రెండు రూపాయలు తగ్గితే జేబులోంచి వేసేవాడు. అలాంటి ఇంట్లో పుట్టినదాన్ని. ప్రజల సొమ్ముకి లెక్క చెప్పాలంటే నాకు అభ్యంతరం లేదు. అసలు మీ పని కూడా అదే: ఫలానా పనికి ఇచ్చిన డబ్బు ఫలానా పనికే ఖర్చయిందని నలుగురి సంతకాలతో చెప్పడం. గౌరవమైన పనే.

కానీ బయల్దేరని బస్సుకి వే బిల్లు రాయమని మా నాన్నని ఎవరూ అడగలేదు.

ఫెలోషిప్ అనే ఆ బస్సు ఎక్కడమే ఒక యజ్ఞం, అది మీకు తెలియకపోవచ్చు, మీరు ఎక్కాక వస్తారు కదా. సీఎస్‌ఐఆర్-యూజీసీ నెట్ పరీక్ష ఏడాదికి రెండుసార్లు. బయోటెక్నాలజీ వాళ్ల పరీక్షకి బెట్ అని పేరు, పేరులోనే పందెం ఉంది. వైద్య పరిశోధన మండలి ఐసీఎంఆర్ ఇచ్చే జూనియర్ రిసెర్చ్ ఫెలోషిప్‌కి (జేఆర్‌ఎఫ్) చాలా ఏళ్లు ప్రకటనల్లో కనపడ్డ సంఖ్య దేశం మొత్తానికి లైఫ్ సైన్సెస్‌లో 120, సోషల్ సైన్సెస్‌లో 30. వాటిలో ఏదో ఒకటి నేనూ రాశాను, గట్టెక్కాను. ఏదో చెప్పను. నాకు డబ్బిచ్చే ఏజెన్సీ పేరు కూడా చెప్పను. ఇంకా ఎనిమిది నెలల డబ్బు రావాలి.

2021లో చేరినప్పుడు నెలకు 31,000. రెండేళ్లు జేఆర్‌ఎఫ్, ఆ తర్వాత కమిటీ ముందు నిలబడి పని చూపిస్తే సీనియర్ ఫెలోషిప్, అంటే ఎస్‌ఆర్‌ఎఫ్. 2023 జనవరి 1 నుంచి జేఆర్‌ఎఫ్‌కి 37,000, ఎస్‌ఆర్‌ఎఫ్‌కి 42,000 చేశారు. జనవరి నుంచి పెంచుతున్నామన్న ఉత్తర్వు జూన్‌లో వచ్చింది. మా వృత్తిలో కాలం కూడా అరియర్స్‌లోనే వస్తుంది.

ఇక మీ సన్నిధిలో జరిగిన సంభాషణ ఒకటి, ఉన్నదున్నట్టు.

"సార్, ఎనిమిది నెలలుగా ఫెలోషిప్ పడలేదు."

"యూసీ ఇచ్చారా అమ్మా?"

"డబ్బు రాలేదు కదా సార్, దేనికివ్వను?"

"పోయినేటిది."

"ఇచ్చాను సార్, మేలో."

"అది ప్రొవిజనల్. వాళ్లు ఆడిటెడ్ అడుగుతున్నారు."

"ఆడిట్ ఎప్పుడవుతుంది సార్?"

"లెక్క క్లోజ్ అయితే."

"ఎప్పుడు క్లోజ్ అవుతుంది?"

"పోయినేటి రెండో ఇన్‌స్టాల్‌మెంట్ రావాలిగా."

"అదెప్పుడొస్తుంది?"

"యూసీ వెళ్తే."

పిచ్చి కుదిరితేగాని పెళ్లి కాదు, పెళ్లయితేగాని పిచ్చి కుదరదు అని మా అమ్మమ్మ అంటుండేది. అది సామెత అనుకున్నాను ఇన్నాళ్లూ, ఆర్థిక శాఖ సర్క్యులర్ అని తెలీదు. ఆ సారుని కూడా ఏమీ అనలేను. మంచివాడు, టీ ఇప్పించాడు. ఆయన డీఏ అరియర్స్ కూడా ఎక్కడో మీలాంటి ఎవరి కిందో ఇరుక్కుని ఉన్నాయట.

పెళ్లి మాటొచ్చింది గనక ఇదీ రాస్తాను. మొన్న సంక్రాంతికి ఓ సంబంధం వచ్చింది. అబ్బాయి తరఫు పెద్దాయన "అమ్మాయికి జీతమెంత?" అన్నాడు. అది జీతం కాదు, ఫెలోషిప్ అని నేను వివరించేలోపు మా అమ్మ "పడితే నలభై రెండు వేలండీ" అంది. ఆ "పడితే" దగ్గర ఆయన కాఫీ గ్లాసు కింద పెట్టేశాడు. మళ్లీ ఫోన్ రాలేదు. ఈ నష్టాన్ని మీ ఖాతాలో రాయాలా, లాభం కింద చూపించాలా అని ఇంకా ఆలోచిస్తున్నాను.

మీలో నాకు ఎక్కువ ఇష్టమైన గడి వడ్డీది. చేరిన తొలి ఏడాది డబ్బు ఇంకా మామూలు బ్యాంకు ఖాతాలోనే పడేది. పడ్డ డబ్బు మాకు ఇవ్వడానికి సంస్థ కొన్ని వారాలు తీసుకుంది, ఈలోపు దానికి వడ్డీ పుట్టింది: 212 రూపాయలు. అది సర్కారుది, నిజమే, తిరిగి ప్రభుత్వ చెల్లింపుల పోర్టల్ భారత్‌కోశ్‌లో కట్టాలి. కట్టాం. చలాన్ మూడు కాపీలు తీశాం. ఆ 212 రూపాయల కోసం మా గైడ్, నేను, ఫైనాన్స్ ఆఫీసరు, ఆయన కింద ఇద్దరు కలిసి ఎన్ని గంటలు పనిచేశామో లెక్కేసి చూద్దామనుకున్నాను గాని ఆ లెక్కకి మళ్లీ ఓ యూసీ అడుగుతారేమోనని మానేశాను.

ఇప్పుడు ఆ బాధ లేదు. ట్రెజరీ సింగిల్ అకౌంట్ వచ్చింది. డబ్బు రిజర్వ్ బ్యాంకు దగ్గరే ఉంటుంది, సంస్థకి వచ్చేది ఖర్చుపెట్టుకునే పరిమితి మాత్రమే. దీన్ని జస్ట్ ఇన్ టైమ్ అంటారు. ఎవరి టైమో చెప్పలేదు. మార్చి 31కి వాడని పరిమితి మురిగిపోతుంది. నిరుడు మా కంటింజెన్సీకి, అంటే ల్యాబు చిల్లర ఖర్చులకి, పరిమితి తెరుచుకుంది మార్చి 26న. ఏడాదికి ఇరవై వేలు, ఐదు రోజుల్లో ఖర్చుపెట్టాలి, అదీ సర్కారు కొనుగోళ్ల జెమ్ పోర్టల్‌లో చూసి. ల్యాబ్‌లో పెంచే కణాలకి మేత వేయడానికి దూడ సీరం కావాలి నాకు. మంచిది ఒక్క సీసాకి ఆ ఇరవై వేలు సరిపోతే గొప్ప, సరిపోయినా ఐదు రోజుల్లో రాదు. వచ్చేది ఏమిటి? స్టేషనరీ. అంచేత మా ల్యాబ్‌లో సీరం లేదు గాని హైలైటర్లు ఉన్నాయి, నాలుగు రంగుల్లో, మనవల దాకా సరిపడా. మీలో మాత్రం అంతా చక్కగా ఉంది: మంజూరైన మొత్తం, ఖర్చయిన మొత్తం, మిగులు సున్నా. మీ కంటికి ఆ సున్నా ఎంత ముచ్చటగా ఉంటుందో నేను ఊహించుకోగలను.

నా కణాలు ఇరవై నాలుగు గంటల్లో రెట్టింపవుతాయి. ఆదివారం, ఉగాది తెలియవు వాటికి. రెండ్రోజులు మేత మార్చకపోతే పసుపు తిరిగి చస్తాయి. మీరు ఒక బల్ల మీంచి పక్క బల్ల మీదికి వెళ్లడానికి పట్టే కాలంలో నేను ఎన్ని తరాలు పెంచి, పూడ్చి ఉంటానో. ఫెలోషిప్ ఆగినా పని ఆగదు, అది మీకు బాగా తెలుసు. ఆ ధైర్యమే కదా మీది.

మా సబ్జెక్టులో తెలుగువాళ్లం గర్వంగా చెప్పుకునే పేరు యల్లాప్రగడ సుబ్బారావు గారిది. 1920ల్లో ఆయన హార్వర్డ్‌కి వెళ్లింది కాకినాడ సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ ఆసరాతో, మామగారు సమకూర్చిన డబ్బుతో. అది చాలక బోస్టన్‌లో బ్రిగమ్ ఆసుపత్రిలో రాత్రిపూట పోర్టరు పని చేశారు. వెళ్లింది ఉష్ణమండల వైద్యం చదవడానికి. అది పూర్తిచేసి జీవరసాయనంలోకి మళ్లి, అక్కడి శాస్త్రవేత్త ఫిస్క్‌తో కలిసి భాస్వరం కొలిచే పద్ధతి కనిపెట్టారు. 1925లో అచ్చయిన ఆ పద్ధతిని ఇప్పటికీ ఇద్దరి పేర్లతోనే పిలుస్తాం. అదృష్టం, అప్పటికి మీరు పుట్టలేదు. పుట్టి ఉంటే "మంజూరు ఉష్ణమండల వైద్యానికి, మీరు భాస్వరం కొలిచారేమిటి? తేడా మొత్తం రికవరీ" అని కాకినాడ నుంచి తాఖీదు వెళ్లేది. పోర్టరు పనికి వచ్చిన కూలి "ఇతర ఆదాయం" కింద చూపించనందుకు ఇంకోటి.

ఆ దేశంలోనే ఇప్పుడు పోస్ట్‌డాక్, అంటే పీహెచ్‌డీ తర్వాతి పరిశోధన, చేస్తున్న మా సీనియర్ అక్క ఉంది. అక్కడి వైద్య పరిశోధన సంస్థ ఎన్‌ఐహెచ్ ఇచ్చే ఎన్‌ఆర్‌ఎస్‌ఏ శిక్షణ ఫెలోషిప్పుల్లో పోస్ట్‌డాక్‌లు తొలి పన్నెండు నెలల సొమ్ముకి బదులు పనిచేసి తీరుస్తామని రాసివ్వాలట. రెండో ఏడూ అదే ఫెలోషిప్‌లో పనిచేస్తే ఆ రుణం తీరినట్టేనట. పని చేస్తే అప్పు తీరడం! నేను రెండుసార్లు అడిగి మరీ నిర్ధారించుకున్నాను. కాకపోతే అది పౌరసత్వమో గ్రీన్‌కార్డో ఉన్నవాళ్లకే. అక్కకి రెండూ లేవు. కాబట్టి ఆ కాగితం బాధ లేదు, వీసా కాగితం బాధ ఉంది. మీ చుట్టాలు అన్ని దేశాల్లోనూ ఉన్నట్టున్నారు.

అసలు ఈ ఉత్తరం రాయడానికి కారణం వేరే. పోయిన వారం నాన్న కంటి పరీక్షకి హైదరాబాదు వచ్చాడు. రాత్రి నా ల్యాప్‌టాప్‌లో మీరు తెరిచి ఉన్నారు. అద్దాలు సర్దుకుని, వే బిల్లు చూసినట్టు, వేలు పెట్టుకుంటూ గడి గడీ చూశాడు. నిరుటి మిగులు. దాని మీద వడ్డీ. తిరిగి కట్టిన వడ్డీ. ఈ ఏడు వచ్చింది. మొత్తం. ఖర్చు. మిగులు. రెండుసార్లు చూసి, "వచ్చిన వడ్డీకి గడి ఉంది. మనం కట్టిన వడ్డీ ఎక్కడ రాయాలి?" అన్నాడు.

"మనం కట్టిందేమిటి నాన్నా?" అన్నాను.

నెలనెలా నాకు పంపిన పదిహేను వేలు రిటైర్మెంట్ డబ్బుల్లోంచి అనుకున్నానండీ నేను. అవి ఇల్లు రిపేర్లకే అయిపోయాయట. ఎనిమిది నెలలు, లక్షా ఇరవై వేలు, అమ్మ గొలుసు బ్యాంకులో పెట్టి. అన్నీ డైరీలో ఉన్నాయి, తేదీలతో సహా: చి॥ సౌ॥ అమ్మాయికి, ఇంత. పక్కన వడ్డీ, పైసలతో. దిగువన గీత కొట్టి "రావలసినది" అని రాశాడు. నా దగ్గర్నుంచా, మీ దగ్గర్నుంచా అన్నది రాయలేదు.

మీలోని గడులన్నీ నేనూ మళ్లీ వెతికాను. ఆ వడ్డీకి చోటు లేదు. మంజూరు నంబరు అడుగుతారు. అమ్మ మెడలోంచి తీసి ఇచ్చినప్పుడు నంబరేమీ వేయలేదట. తేదీ మాత్రం ఉంది, వరలక్ష్మీ వ్రతం మర్నాడు. వ్రతానికి పెట్టుకుని, మర్నాడు ఇచ్చింది.

ఏ గడిలో రాయాలో తమరే సెలవివ్వగలరు.

ఇట్లు,
తమ విధేయురాలు
(సంతకం అసలుదే, జిరాక్సు కాదు)

జత: బంగారం లోను రసీదు నకలు, స్వయంగా ధ్రువీకరించినది, మూడు ప్రతులు. ఒరిజినల్ నాన్న దగ్గరే ఉంది. అడిగాను, ఇవ్వనన్నాడు. మీరు పారేస్తారట.