మీ ఇనిషియల్ విప్పండి

మా మేనల్లుడు అమెరికాలో ప్రమోషన్ రాక కుమిలిపోతున్నాడు. తెల్లవాళ్ళకే ఇచ్చారట. పొద్దున్నే బండ్లు ఆపేసిన బీచ్ రోడ్డులో, సబ్‌మెరైన్ ఎదురుగా, మా వాకింగ్ బ్యాచ్‌కి ఈ సంగతి చెప్పాను. అందరికీ రక్తం ఉడికింది. "మనిషి రంగు చూసి ఉద్యోగాలేమిటండీ, అనాగరికులు!" అంటూ ఇంకో రౌండ్ టీ చెప్పారు.

నేను ఊరికే ఆవేశపడే రకం కాదు, చదివాను కూడా. 2004లో ఇద్దరు ఆర్థికవేత్తలు అచ్చువేసిన పరిశోధన ఉంది. బోస్టన్, చికాగోల్లో ఉద్యోగ ప్రకటనలకు దాదాపు 5,000 ఉత్తుత్తి రెజ్యూమేలు పంపారు. ఎమిలీ, గ్రెగ్ లాంటి తెల్లవాళ్ళ పేర్లతో 10 పంపితే ఒక పిలుపు వచ్చింది. లకీషా, జమాల్ లాంటి నల్లవాళ్ళ పేర్లతో 15 పంపితే గానీ రాలేదు. తెల్ల పేరు ఒక్కటే 8 ఏళ్ళ అనుభవం పెట్టు అని తేల్చారు. పేరు చూసి పక్కన పడేయడమా! ఎంత మోటు.

రుషికొండలో మా ఆఫీసులో ఇంటర్వ్యూలు చేసేది నేనే. మేం పేరు చూడం, ఇనిషియల్ చూస్తాం. "ఈ 'కె' అంటే ఏంటి నాన్నా?" అని ప్రేమగా అడుగుతాం. కొన్ని ఇంటిపేర్లు నాలుగైదు కులాల్లో ఉంటాయి, అదొక టెన్షన్. అప్పుడు ఊరు అడుగుతాం. ఊళ్ళో ఇల్లెక్కడ, రామాలయం వీధా, చర్చి వైపా? అప్పటికీ తేలకపోతే లంచ్‌కి తీసుకెళ్ళి ఏం తింటాడో చూస్తాం. జావా ప్రశ్నలు ఆ తర్వాత, టైముంటే.

2007లో థోరట్, అట్టెవెల్ అనే ఇద్దరు మన దేశంలోనూ ఇలాగే దరఖాస్తులు పంపి చూశారు. అగ్రకులం పేరుతో పోలిస్తే దళితుల పేరుకు పిలుపు వచ్చే అవకాశం మూడింట రెండు వంతులే, ముస్లిం పేరుకు మూడో వంతే. నాకు సిగ్గేసింది. కాగితం చూసే తేల్చేశారా? ఫోన్ చేసి ఊరడగొచ్చు కదా!

2023లో సియాటిల్ నగరం కులవివక్షను నిషేధిస్తూ ఏకంగా చట్టమే చేసింది. ఆవకాయ జాడీలతో పాటు మనవాళ్ళు ఇంకేం పట్టుకెళ్ళారో వాళ్ళకెవరు చెప్పారో మరి.

మొన్న గాజువాక నుంచి ఒక కుర్రాడు వచ్చాడు. రాతపరీక్షలో 100కి 94. ఇనిషియల్ విప్పాడు, తేలలేదు. ఊరడిగాను.

"మా ఊరు లేదండీ. మా తాత కాలంలోనే స్టీల్ ప్లాంట్‌కి పోయింది."

"మరి ఊళ్ళో రామాలయం?"

"అదీ పోయిందండీ."

ప్యానెల్లో ముగ్గురం ముఖముఖాలు చూసుకున్నాం. లంచ్‌కి రమ్మంటే టిఫిన్ చేసి వచ్చానన్నాడు. ఫైలు పెండింగ్‌లో పెట్టాం. వాళ్ళ అమ్మమ్మది ఏ ఊరో కనుక్కుంటున్నాం.