పద్దెనిమిదో బాకీదారు

నెల్లూరు మూలాపేటలో మా వాటాకూ పక్కవాటాకూ నడుమ ఉన్నది ఒక్క సన్నని గోడే కనుక, పెంచలయ్యగారూ కామాక్షమ్మగారూ వాదించుకునే ప్రతి సంగతీ నా చెవిన పడక తప్పదు. కామాక్షమ్మగారు వెంకటగిరి చీరలు తెప్పించి వాయిదాల మీద అమ్ముతారు. ఆ పద్దులు పూర్వం ఎర్ర అట్ట పుస్తకంలో ఉండేవి. బెంగళూరులో ఉద్యోగం చేసే కొడుకు పాత కంప్యూటరులో లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టం వేసి ఇచ్చి వెళ్లినప్పటి నుండి పేరు, చీర, మొత్తం, చివర ‘బాకీ’ లేదా ‘చెల్లు’ అన్న మాటతో, చీరకు ఒక వరుస చొప్పున, ఒక సాదా ఫైలులోకి ఎక్కాయి. పద్దు ఎక్కించేది ఆవిడ. కమాండులు కొట్టే నల్ల తెర ముందు కూర్చుని పెత్తనం చేసేది ఆయన.

కామాక్షమ్మ: ఏమండీ, దసరాకు కొత్త సరుకు తెప్పించాలంటే పాత బాకీలు వసూలు కావాలి. ఎవరు ఎంత ఇవ్వాలో కాస్త చూసి చెబుతారా?

పెంచలయ్య: దానికి గ్రెప్ అనే కమాండు ఉన్నది. అయితే దాని పుట్టుపూర్వోత్తరాలు తెలుసుకోకుండా వాడడం మర్యాద కాదు. 1973లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్ అనే పరిశోధనశాలలో కెన్ థాంప్సన్ అనే ఆయన, ఈడీ అనే ఎడిటరులో జీ, ఆర్ఈ, పీ అని కొడితే మాట కలిసిన వరుసలన్నీ అచ్చయ్యే ఆ పనిని విడిగా తీసి, ఆ అక్షరాలనే కలిపి...

కామాక్షమ్మ: దానితో మనం వియ్యమందబోవడం లేదు కదండీ, వంశం గోత్రం విచారించడానికి? జల్లెడ ఎవరు కనిపెట్టారో తెలియకుండానే నేను ముప్పై ఏళ్లుగా పిండి జల్లిస్తున్నాను.

పెంచలయ్య: సరిగ్గా చెప్పావు, అది జల్లెడే. ‘గ్రెప్ బాకీ’ అంటే బాకీ అన్న మాట ఉన్న వరుసలు మాత్రమే కిందికి దిగుతాయి. మైనస్ వీ తగిలిస్తే అవి పోయి మిగిలినవి వస్తాయి. మైనస్ సీ అంటే లెక్క మాత్రమే చెబుతుంది. ఇదిగో, ఇరవై మూడు.

కామాక్షమ్మ: ఇరవై మూడు వరుసలంటే ఇరవై ముగ్గురు మనుషులు కారు. రమణమ్మ ఒక్కతే మూడు చీరలు తీసుకున్నది. సరే, ముందు పెద్ద మొత్తాలు ఎవరివో చూపండి.

పెంచలయ్య: గ్రెప్ నుండి వచ్చినదానిని నిలువు గీత అనే గొట్టం గుండా, వరుసలను క్రమంలో పేర్చే సార్ట్‌కు పంపుతాను. ఈ గొట్టం ఆలోచన డగ్ మెక్‌ఇల్‌రాయ్ అనే ఆయనది, అది కూడా 1973లోనే యూనిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టంలోకి వచ్చింది. నీవు వాడే కాఫీ ఫిల్టరులో పై గిన్నె నుండి కింది గిన్నెకు డికాక్షన్ దిగినట్లు, ఒక కమాండు వదిలినది మరొక కమాండు అందుకుంటుంది. ‘మొత్తం’ అనే గడిని చూడమన్నాను, పెద్దవి పైకి రావడానికి మైనస్ ఆర్ పెట్టాను. చూడు!

కామాక్షమ్మ: చూస్తున్నాను. తొమ్మిది వందలు ఇవ్వవలసిన మనిషిని పీఠం మీద కూర్చోబెట్టి, ఎనిమిదివేల అయిదువందలావిడను ఆవిడ కాళ్ల దగ్గర నిలబెట్టి, పన్నెండు వేలు ఎగవేసిన మహాతల్లిని అడుగున దాచిపెట్టింది. దీనికి లెక్కలు ఎవరు నేర్పారండీ?

పెంచలయ్య: (గొంతు సవరించుకుని) అది అంకెలను అక్షరాలుగా చదివింది. తొమ్మిది, ఎనిమిది, ఒకటి అని మొదటి గుర్తును మాత్రమే పోల్చుకున్నది. సంఖ్యగా చూడాలంటే మైనస్ ఎన్ కూడా కావాలి. అది మరచిపోయినవాడిని నేను, కమాండు కాదు.

కామాక్షమ్మ: మీ నోట ఈ మాట వినడానికైనా కంప్యూటరు కొనవచ్చు. ఇప్పుడు మనుషులు ఎంతమందో తేల్చండి.

పెంచలయ్య: కట్‌తో పేర్ల గడిని మాత్రం కోసి, యూనిక్‌కు ఇస్తాను. అది ఒకే పేరు మళ్లీ వస్తే తీసివేస్తుంది. డబ్ల్యూసీ మైనస్ ఎల్ వరుసలు లెక్కపెడుతుంది. ఇరవై మూడు!

కామాక్షమ్మ: రమణమ్మ మూడు చోట్లా చెక్కుచెదరకుండా ఉన్నదన్నమాట. మీ యూనిక్ మన ఎదురింటావిడ వంటిది కాబోలు. ఆనుకుని ఉన్న ఇంట్లో ఏం జరిగినా పసిగడుతుంది గానీ నాలుగిళ్ల అవతల అదే మనిషి ఎదురైనా గుర్తుపట్టదు. అందరినీ పేరు వరుసన నిలబెడితే రమణమ్మ పక్కన రమణమ్మే వస్తుంది కదా? ముందు సార్ట్ చేసి, ఆపైన దానికి ఇవ్వండి.

(కీబోర్డు కాసేపు టకటకలాడింది. ఈ కిటుకు అంతర్జాలంలో వెతికి నేర్చుకోవడానికి నాకు ఒక పూట పట్టిన సంగతి గోడ ఇవతల ఉన్న నేను ఒప్పుకుంటున్నాను.)

పెంచలయ్య: పద్దెనిమిది మంది.

కామాక్షమ్మ: నా చీరలు కట్టుకుని బాకీ పడినవారు పదిహేడు మందే.

పెంచలయ్య: మనిషి పొరబడతాడేమో గానీ యంత్రం అబద్ధమాడదు కామాక్షీ. నీ లెక్కే తప్పు.

కామాక్షమ్మ: యంత్రం అబద్ధమాడదంటారు. ఆ మాట మీద నిలబడండి. పోయినేటి పద్దుల ఫోల్డరు ఖాళీగా ఉన్నదేమిటి?

పెంచలయ్య: అదా? మొన్న ఆదివారం కరెంటు పోయి వచ్చింది కదా, ఆ అదురుకు ఏమైనా...

కామాక్షమ్మ: కాస్త జరగండి. హిస్టరీ అని కొడితే ఈ నల్ల తెరలో ఎవరు ఏం కొట్టారో వరుసగా చెబుతుందని అబ్బాయి నాకు ఫోనులో నేర్పాడు. వేళ కూడా పడేటట్లు వాడే అమర్చాడు. ఆదివారం, మధ్యాహ్నం మూడు గంటల పది నిమిషాలు. నేను జొన్నవాడ అమ్మవారి గుడికి వెళ్లిన సమయం. ఫైళ్లను చెరిపే ఆర్ఎం, నక్షత్రం గుర్తు, తరువాత ఖాళీ, తరువాత చుక్క బ్యాక్. ఇది కరెంటు కొట్టిందా?

పెంచలయ్య: పాత నకళ్లు తీసివేద్దామనే మంచి ఉద్దేశంతోనే కొట్టాను. నక్షత్రమూ చుక్క బ్యాకూ కలిసి ఉంటే నకళ్లు మాత్రమే పోయేవి. మధ్యలో చిటికెన వేలు స్పేస్ బార్ మీద పడడంతో, నక్షత్రం అంటే ఉన్న ఫైళ్లన్నీ అని విడిగా, చుక్క బ్యాక్ అనేది ఇంకొకటి అని విడిగా అర్థం చేసుకున్నది. పైగా చుక్క బ్యాక్ అనే ఫైలు లేనే లేదని నన్నే కసిరింది. అందుకని ఏదీ చెరగలేదనే అనుకున్నాను.

కామాక్షమ్మ: ఆ తరువాతి వరుసలు చదువుతాను, వినండి. మూడు పదకొండుకు, ఉన్న ఫైళ్ల పేర్లు చూపే ఎల్ఎస్. మళ్లీ ఎల్ఎస్. దాచినవి కూడా చూపమని ఎల్ఎస్ మైనస్ ఏ. మూడు పదిహేనుకు, ఆర్ఎం ఎలా వాడాలో చెప్పే మ్యాన్ ఆర్ఎం. అన్నీ తగలబెట్టిన తరువాత అగ్గిపెట్టె మీది హెచ్చరిక చదివారా?

పెంచలయ్య: ఆర్ఎంకు చెత్తబుట్ట ఉండదని అప్పుడే గుర్తుకు వచ్చింది. మైనస్ ఐ పెట్టి ఉంటే ఒక్కొక్క ఫైలుకూ నన్ను అడిగి ఉండేది.

కామాక్షమ్మ: మూడు ఇరవైకి హిస్టరీ మైనస్ డీ. సాక్ష్యాన్ని చెరపబోయారు. వరుస సంఖ్య తప్పుగా కొట్టడం వల్ల పైనున్నది పోయింది, ఆర్ఎం మిగిలింది, చెరపబోయిన ప్రయత్నం కూడా ఎక్కింది!

పెంచలయ్య: (చాలాసేపటి తరువాత) పోయినేటి పద్దులు ఇక రావు కదా?

కామాక్షమ్మ: వచ్చాయి. రోజూ రాత్రి రెండు గంటలకు, వేళకు పనులు నడిపే క్రాన్ లేచి, నకళ్లు తీసే ఆర్‌సింక్ చేత మారిన ఫైళ్లను అల్మారా వెనుక గుచ్చిన పెన్‌డ్రైవులోకి ఎక్కించేటట్లు అబ్బాయి చేత పెట్టించాను. మైనస్ మైనస్ డిలీట్ అనే మాట మాత్రం పెట్టవద్దన్నాను. అది ఉంటే ఇక్కడ మీరు చెరిపినది అక్కడా చెరిగిపోతుందట. మిమ్మల్ని చేసుకుని ముప్పై ఏళ్లయింది, ఆ మాత్రం ముందుచూపు లేకపోతే ఎలా?

పెంచలయ్య: అమ్మయ్య! అయితే ఇక వసూలు పని చూద్దాం. హెడ్ మైనస్ ఎన్ అయిదు అని కొట్టి మొదటి అయిదుగురిని తీస్తాను.

కామాక్షమ్మ: హెడ్ తరువాత చూద్దాం. పెద్ద మొత్తాల నుండి చిన్న మొత్తాలకు దింపిన ఆ బాకీల జాబితాకు టెయిల్ మైనస్ ఎన్ ఒకటి పెట్టండి. అడుగున ఉన్న వరుసను పైకి చదవండి.

పెంచలయ్య: పెంచలయ్య, మలై కాజా, రెండు వందల నలభై, బాకీ... (చాలా మెల్లగా) చీరల డబ్బు దాచే డబ్బాలో నుండి తీసుకున్నది నీకు ఎలా తెలిసింది?

కామాక్షమ్మ: చొక్కా జేబులో పాకం అంటిన పొట్లం దొరికింది. షుగరు మాత్రలు వేసుకునే మనిషి చేసే పనేనా అది? యంత్రం అబద్ధమాడదు, పద్దెనిమిది మందే. రెండు వందల నలభై ఇక్కడ పెట్టండి, చెల్లు వేస్తాను.