బరువు లెక్కించని ఆటలో బలం ఎవరికి కావాలి?

నిన్న రాత్రి మా డంజియన్స్ అండ్ డ్రాగన్స్ ఆటలో, అంటే బల్ల చుట్టూ కూర్చుని తలా ఒక పాత్రగా పాచికలు వేస్తూ సాహసకథ నడిపే ఆటలో, జరిగింది చిన్న విషయమే, కానీ నాకు కోపం ఇంకా చల్లారలేదు. ఒక పాత సమాధి అడుగున మా నలుగురికి 12,000 వెండి నాణేలు దొరికాయి. వాటిని పైకి ఎలా చేర్చాలో మాట్లాడుకుందామని నేను నోరు తెరిచేలోపే కథను నడిపే మా డంజియన్ మాస్టర్ గారు “బరువుల గొడవ ఇప్పుడెందుకండీ, తలా కొంత పంచుకున్నారనుకుందాం” అని తేల్చేశారు. మిగతా ముగ్గురూ సరేనన్నారు, ఆట ముందుకు సాగిపోయింది. యాభై నాణేలు ఒక పౌండు తూగుతాయని నియమాల పుస్తకమే చెబుతోంది. ఆ లెక్కన ఆ నిధి 240 పౌండ్లు, అంటే దాదాపు 109 కిలోలు. స్ట్రెంగ్త్, అంటే ఒంటి బలాన్ని చూపే అంకె, 8 మాత్రమే ఉన్న మా విజార్డ్ (మంత్రగాడి పాత్ర) తన వాటాగా 27 కిలోల వెండిని సంచిలో వేసుకుని, అప్పటికే వీపున ఉన్న సామానుతో సహా, నిలువునా ఉన్న ఆ గోడను తాడు పట్టుకుని ఎక్కి పైకి వచ్చేశాడు.

నా పాత్ర గోలియత్ అనే భారీకాయుల జాతికి చెందిన ఫైటర్ (యోధుడు), స్ట్రెంగ్త్ 18. ఆ జాతికి పుట్టుకతో వచ్చే పవర్‌ఫుల్ బిల్డ్ వల్ల మోసే సామర్థ్యం రెట్టింపై 540 పౌండ్లకు చేరుతుంది, అంటే ఆ నిధి మొత్తాన్ని అతనొక్కడే మోసుకు రాగలడు. నేను ఆ పాత్రను తయారు చేసుకున్నదే అలాంటి ఒక ఘడియ కోసం. ఆ ఘడియ రానే వచ్చింది, ఒక్క మాటతో పోయింది. సంగతి అంతటితో ముగిసినా నేను ఊరుకునేవాణ్ణి. రెండు గదులు దాటాక కాపలావాళ్ల కంట పడకుండా జారుకోవలసి వచ్చినప్పుడు, “మీది ప్లేట్ కవచం కదా, స్టెల్త్‌కు డిసడ్వాంటేజ్‌తో వేయండి” అని అదే గొంతు నాకు గుర్తు చేసింది. అంటే చప్పుడు లేకుండా జారుకునే ప్రయత్నానికి రెండు పాచికలు వేసి తక్కువ వచ్చినదాన్నే తీసుకోవాలి. సంచి నిండా నాణేలు మోస్తున్న విజార్డ్ మాత్రం మామూలుగానే పాచిక వేశాడు. నా ఒంటి మీది ఇనుముకు బరువూ చప్పుడూ రెండూ ఉన్నాయి, అతని సంచిలోని వెండికి రెండూ లేవు. ఇదెక్కడి న్యాయమో చెప్పండి.

ఈ మాట అన్నప్పుడల్లా ఎదురయ్యే వాదన మీకందరికీ తెలిసిందే. డ్రాగన్లు ఎగిరే లోకంలో తాడు బరువు గురించి మాట్లాడతావేమిటని అడుగుతారు. ఎగిరే డ్రాగన్ ఆ లోకంలోని వింత. ఆ వింతను చూసి మనం నోరెళ్లబెట్టాలంటే చుట్టూ ఉన్న మిగతాదంతా మనకు తెలిసిన లోకంలాగే ఉండాలి. ఎత్తు నుంచి పడితే దెబ్బ తగులుతుంది, నీటిలో మునిగితే ఊపిరి ఆడదు, తిండి లేకపోతే నీరసం వస్తుంది. వీటిని ఎవరూ ప్రశ్నించరు. పది అడుగులకు ఆరు ముఖాల పాచిక ఒకటి చొప్పున వేసి మరీ దెబ్బ లెక్క కట్టే డంజియన్ మాస్టర్లు, వీపున ఉన్న మూట దగ్గరికి వచ్చేసరికి మాత్రం డ్రాగన్‌ను సాక్ష్యానికి పిలుస్తారు.

అంకెలు మన అనుభవానికి దూరంగా ఉండడమే ఈ నిర్లక్ష్యానికి సగం కారణమని నా నమ్మకం. పౌండ్లు మనవాళ్ల ఒంటికి తెలియవు. అందుకే నేను ఎప్పుడూ 20 లీటర్ల నీళ్ల క్యాన్‌తో లెక్క చెబుతాను. లిఫ్ట్ చెడిపోయిన రోజున ఆ క్యాన్‌ను భుజాన వేసుకుని మూడో అంతస్తుకు ఎక్కినవారికి 20 కిలోలంటే ఏమిటో వేరే చెప్పనక్కరలేదు. 2014 నాటి నియమాల పుస్తకం ప్లేయర్స్ హ్యాండ్‌బుక్ ప్రకారం స్ట్రెంగ్త్‌ను 15తో గుణిస్తే వచ్చినన్ని పౌండ్లు మోయవచ్చు. స్ట్రెంగ్త్ 8 ఉన్న బక్కపలచని విజార్డ్‌కు అది 120 పౌండ్లు, అంటే 54 కిలోలు. రెండున్నర క్యాన్లకు పైబడిన బరువును పగలంతా మోస్తూ, మెట్లూ గుంతలూ దాటుతూ, అతను ఖాళీ చేతులతో నడిచినంత వేగంగానే నడుస్తాడట. ఇంత ఉదారమైన హద్దు పెట్టాక దాన్ని దాటే అవకాశం ఎవరికీ రాదు, దాటనప్పుడు లెక్క రాసుకోవలసిన అవసరమూ కనిపించదు. అసలు పనికొచ్చే నియమం అదే పుస్తకంలో వేరియంట్ అనే పేరుతో పక్కనే ఉంది. మోసే పౌండ్లు స్ట్రెంగ్త్‌కు ఐదు రెట్లు దాటితే వేగం, అంటే ఒక వంతులో నడవగల దూరం, పది అడుగులు తగ్గుతుంది. పది రెట్లు దాటితే ఇరవై అడుగులు తగ్గడమే కాక, దాడికీ, ఒంటి సత్తువతో చేసే ప్రతి ప్రయత్నానికీ డిసడ్వాంటేజ్ వస్తుంది. ఈ లెక్కన మా విజార్డ్ 40 పౌండ్లు, అంటే 18 కిలోలు దాటగానే నెమ్మదించాలి. ఇది మనిషి ఒంటికి దగ్గరగా ఉన్న లెక్క. ఐచ్ఛికమని ముద్ర వేసిన పాపానికి దాన్ని తెరిచి చూసేవారే కరువయ్యారు.

ఆ లెక్కను ఒక్కసారి పాటించి చూడండి, ఎన్ని సంగతులు బయటపడతాయో. చాలామంది కళ్లు మూసుకుని తీసుకునే ఎక్స్‌ప్లోరర్స్ ప్యాక్ అనే ప్రయాణ సామాను మూటలో పరుపు చుట్ట, పది కాగడాలు, పది రోజుల తిండి, యాభై అడుగుల జనపనార తాడు, ఒక నీళ్ల తిత్తి వగైరా అన్నీ కలిపి 59 పౌండ్లు తూగుతాయి. ఆట మొదటి రోజున, ఇంకా ఇల్లు దాటకముందే మా విజార్డ్ నెమ్మదించవలసినవాడు. ఆ మూటలోనే ఇంకొక విచిత్రం కూడా ఉంది. తిండి పది రోజులకు సరిపోతుంది, నీళ్లు మాత్రం సగం రోజుకే వస్తాయి. మనిషికి రోజుకు ఒక గ్యాలన్ నీరు కావాలని ఆ పుస్తకమే చెబుతూ, అర గ్యాలన్ పట్టే తిత్తి ఒక్కటే ఇచ్చింది. ఎండలో రెండు గ్యాలన్లు కావాలి. అంటే మూడు రోజుల ఎడారి ప్రయాణానికి తిత్తులతో కలిపి ఒక్కొక్కరికి 60 పౌండ్ల నీరు. తిండి తగ్గించుకోవాలా, కవచం విప్పి కంచరగాడిద మీద వేయాలా, బావి ఎక్కడుందో ముందుగా ఒకరిని పంపి తెలుసుకోవాలా అన్న చర్చలోనే ఆ సాహసమంతా ఉంది. బరువు తీసేస్తే మిగిలేది “మీరు మూడు రోజుల తర్వాత ఊరు చేరారు” అన్న ఒక్క వాక్యం.

ఈ ఆటను మొదట రూపొందించినవారు ఇదంతా తెలిసే చేశారు. 1974లో వచ్చిన తొలి రూపం నుంచే బరువును నాణేలలో కొలిచారు, పది నాణేలు ఒక పౌండు. 1981 నాటి బేసిక్, ఎక్స్‌పర్ట్ నియమాలలో 400 నాణేల బరువు వరకు పూర్తి వేగం, 600 వరకు దానిలో ముప్పాతిక, 800 వరకు సగం, 1,600 వరకు పాతిక. ప్లేట్ కవచమే 500 నాణేలు తూగేది. ఆ రోజుల్లో బయటకు తెచ్చిన ప్రతి బంగారు నాణేనికీ ఒక అనుభవ పాయింటు వచ్చేది కాబట్టి, ఎంత మోసుకొస్తే పాత్ర అంత ఎదిగేది. మోస్తున్నకొద్దీ నడక నెమ్మదించేది. నడక నెమ్మదిస్తే గంటకొకటి చొప్పున కాగడాలు ఆరిపోయేవి, తిరుగాడే రాక్షసుల కోసం డంజియన్ మాస్టర్ పాచిక వేసే సందర్భాలు పెరిగేవి. రాగి నాణేల పెట్టెను వదిలేసి వెండి తెచ్చుకోవడం, పారిపోతూ సంచి కింద పడేయడం, అన్నీ ప్రాణంతో ముడిపడిన నిర్ణయాలు. ఆ గొలుసులో ఒక కొక్కెం ఊడదీసి, చీకటి గుహలు ఈ మధ్య భయం కలిగించడం లేదేమిటని ఆశ్చర్యపోతే ఎలా?

పుస్తకాలలోని అంకెలన్నీ సత్యమని నేను అనడం లేదు. ఈ ఆటకే వచ్చిన తొలి అడ్వాన్స్‌డ్ రూపపు నియమాలలో రెండు చేతుల కత్తి 250 నాణేల బరువు, అంటే 25 పౌండ్లు. చరిత్రలో నిజంగా పోరాటానికి వాడిన అలాంటి కత్తులు చాలావరకు మూడున్నర కిలోలకు మించవు. ఇప్పటి పుస్తకం ఆరు పౌండ్లకు దిగి వచ్చింది, సంతోషం. కానీ అదే పుస్తకంలో కంచరగాడిద 420 పౌండ్లు, అంటే 190 కిలోలు మోస్తుంది. నిజమైన జంతువు మీద అందులో సగం వేయడానికే దాన్ని పోషించేవారు వెనకాడతారు. ఆటలోని ఒక్కో నాణెం బరువు సుమారు 9 గ్రాములు. మన విజయనగర వరాహ దాదాపు 3.4 గ్రాములు, వెనిస్ డకట్ మూడున్నర. ఇలాంటి తప్పులు సరిదిద్దుకోవలసినవే, వాటిని చూపించి నియమాన్నే చెత్తబుట్టలో వేయడం మాత్రం కుదరదు. కవచం విషయంలో నేను ఇంకా ముందుకు వెళ్లి ఒప్పుకుంటాను. 2011లో లీడ్స్ విశ్వవిద్యాలయం పరిశోధకులు పదిహేనో శతాబ్దపు కవచాల నమూనాలు తొడిగిన మనుషులను ట్రెడ్‌మిల్ మీద నడిపించి చూస్తే, నడకకు అయ్యే శక్తి రెట్టింపు దాటింది. కాళ్లకు తొడిగిన లోహాన్ని అడుగడుగునా ఎత్తవలసి రావడం అందుకు ఒక పెద్ద కారణం. కాబట్టి నా ఫైటర్ కవచానికి శిక్ష వేయండి, నాకు అభ్యంతరం లేదు. వీపున మూట ఉన్నవాడికి కూడా వేయమనే నా మొర.

అసలు ఈ మంట నిన్నటిది కాదు. ఈ ఆటలో స్ట్రెంగ్త్‌ను ఎంచుకున్నవారు ఏళ్ల తరబడి నష్టపోతున్నారు, ఆ మాట పైకి అంటే గొణుగుడు అనుకుంటారు. డెక్స్‌టెరిటీ, అంటే చురుకుదనాన్ని చూపే అంకె, చూడండి. దానితో దాడి చేయవచ్చు, దెబ్బకు కలుపుకోవచ్చు, ఆర్మర్ క్లాస్ (దెబ్బ తగలకుండా కాచే అంకె) పెరుగుతుంది, ఇనిషియేటివ్‌లో (పోరులో ఎవరి వంతు ముందో తేల్చే పాచికలో) ముందుంటారు, స్టెల్త్ వస్తుంది, నిప్పుల వాన నుంచి తప్పించుకోవడానికి వేసే పాచిక (సేవ్) కూడా దానిదే. స్ట్రెంగ్త్‌కు మిగిలింది పెద్ద ఆయుధాలు, ఎక్కడం, దూకడం లాంటి వాటికి పనికొచ్చే అథ్లెటిక్స్ ఒక్కటి, భారీ కవచం, బరువు మోయడం. ఆ భారీ కవచానికి కూడా షరతుంది, స్ట్రెంగ్త్ 15 లేనివాడు ప్లేట్ తొడిగితే వేగం పది అడుగులు పోతుంది. ఆ షరతును ఏ డంజియన్ మాస్టరూ మరిచిపోగా నేను చూడలేదు. ఆ బలానికి ప్రతిఫలంగా ఇచ్చిన మోత సామర్థ్యాన్ని మాత్రం అందరూ మరిచిపోతారు. రెండు పలకలున్న త్రాసులో మాకు చేటు చేసే పలకనే కొలుస్తున్నారు. క్యారెక్టర్ షీట్ మీద పవర్‌ఫుల్ బిల్డ్ అని ఒక గడి నింపించి, దాన్ని జీవితాంతం వాడనివ్వకపోవడం ఆటగాడికి చేసే అన్యాయమే.

ఇక బ్యాగ్ ఆఫ్ హోల్డింగ్ సంగతి. ఇంతకుముందు ఆడిన మరో కథలో, నేను బరువు ప్రస్తావన తెచ్చిన మరుసటి వారమే ఒక వ్యాపారి ఎదురై ఆ మాయసంచిని మా చేతిలో పెట్టాడు. 15 పౌండ్ల సంచిలో 500 పౌండ్లు పట్టడం గొప్ప మాయ. ఏళ్ల తరబడి మోసి మోసి అలసిన పార్టీకి అది దొరికితే పండగ. సమస్యను ఎన్నడూ ఎదుర్కోనివారికి పరిష్కారం చేతికిస్తే అది ఒక మామూలు సంచి. పైగా ఆ సంచికి చిల్లు పడితే లోపల ఉన్నదంతా ఆస్ట్రల్ ప్లేన్ అనే వేరే లోకంలో చెల్లాచెదురవుతుందన్న నియమం కూడా మా బల్ల దగ్గర ఏనాడూ గుర్తుకు రాలేదు.

లెక్క కష్టమంటారా, కష్టం లేని దారులు ఎప్పుడో వచ్చాయి. ఇలాంటిదే మరో ఆట అయిన పాత్‌ఫైండర్, 2019 నాటి రెండో ఎడిషన్‌లో పౌండ్లు వదిలేసి బల్క్ అనే కొలత పెట్టుకుంది. అందులో వస్తువు బరువుతో పాటు దాన్ని మోయడంలో ఉన్న ఇబ్బంది కూడా కలిసి వస్తుంది, పది చిన్న వస్తువులు కలిస్తే ఒక బల్క్. 2023లో వచ్చిన షాడోడార్క్ అనే ఆట మరీ సులువు. స్ట్రెంగ్త్ ఎంతో అన్ని గడులు, పదికి తక్కువ కాకుండా. ఒక్కో వస్తువుకు ఒక గడి, మొదటి వంద నాణేలకు మినహాయింపు, ఆ తర్వాత ప్రతి వందకూ ఒక గడి. కాగితం మీద గీతలు గీసుకుని వస్తువుల పేర్లు రాసుకోవడానికి ఐదు నిమిషాలు కూడా పట్టదు. మూడు వందల మంత్రాల వివరాలు నోటికి వచ్చినవారు, పది గడులు నింపలేమంటే నేను నమ్మను.

వచ్చే ఆటకు ముందు ఈ గడుల పద్ధతిని మా బల్ల ముందు పెడతాను. వద్దంటే బలవంతం చేయను, కానీ అప్పుడు నా ప్లేట్ కవచానికి ఉన్న స్టెల్త్ శిక్షను కూడా తీసేయాలని పట్టుబడతాను. కొత్తగా ఆటలు నడపబోతున్న డంజియన్ మాస్టర్లకు నా విన్నపం ఒక్కటే. బరువులు లెక్కించే ఓపిక మీకు లేకపోతే, ఆ మాట పాత్రలు తయారు చేసుకునే రోజునే, మొదటి పాచిక వేయకముందే చెప్పేయండి. అప్పుడు ఎవరూ తమకు దక్కిన అన్నిటికంటే పెద్ద అంకెను తీసుకెళ్లి స్ట్రెంగ్త్ గడిలో రాసుకోరు.