క్రియ వచ్చేలోగా బంతి బుట్టలో

భీమవరంలో పొద్దున్నే కాలేజీ మైదానానికి బాస్కెట్‌బాల్ ఆడడానికి వచ్చే కుర్రాళ్లు అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏ ఫైనల్స్ రోజుల్లో మాత్రం ఆట ఆలస్యంగా మొదలుపెడతారు. అమెరికాలో రాత్రి జరిగే ఆట మనకు ఐదున్నర, ఆరు గంటలకు వస్తుంది కాబట్టి, కోర్టు పక్క అరుగు మీద నీళ్ల సీసాకు ఆనించిన ఒక్క ఫోన్ చుట్టూ ఏడెనిమిది తలలు చేరతాయి. అక్కడ ఆటగాళ్ల మీద ఎంత వాదన నడుస్తుందో, మైకు ముందు కూర్చున్నవాళ్ల మీదా అంతే నడుస్తుంది. బంతి బుట్టలో పడగానే వ్యాఖ్యాత మైక్ బ్రీన్ వేసే ‘బ్యాంగ్!’ కేక, 2021లో విరమించిన మార్వ్ ఆల్బర్ట్ ‘యెస్!’ కేక గొప్పవేనని ఒప్పుకోవడానికి ఎవరికీ అభ్యంతరం ఉండదు. తగవంతా చెత్త వ్యాఖ్యాత ఎవరన్న దగ్గరే వస్తుంది.

పక్షపాతం, వాగుడు, పాత రోజుల గొప్పలు అంటూ అభిమానులు చెప్పే కారణాలు చాలా ఉన్నా, నా లెక్కలో వాటిలో ఎక్కువ భాగం గడియారం దగ్గరికే వెళ్తాయి. ఎన్‌బీఏలో 1954 నుంచి 24 సెకన్ల నిబంధన ఉంది. బంతి చేతికొచ్చిన జట్టు ఆలోగా షాట్ కొట్టాలి. క్రికెట్‌లో బౌలర్ మళ్లీ రనప్‌కు నడిచి వెళ్లేలోపు ఒక పిట్టకథ చెప్పి ముగించవచ్చు. ఇక్కడ ఆ కథ సగంలో ఉండగానే బంతి అవతలి బుట్టలో పడి ఉంటుంది.

2016 ఫైనల్స్ ఏడో ఆటను చూడండి. స్కోరు 89-89, రెండు నిమిషాలైనా మిగల్లేదు, బంతి ఒకే జట్టు ఆటగాళ్లు ఇగ్వడాలా, కర్రీల చేతుల్లో ఉంది. ఇగ్వడాలా నుంచి కర్రీకి, మళ్లీ ఇగ్వడాలాకు, లేఅప్‌కు (బుట్ట పక్క నుంచి వేసే షాట్‌కు) పైకి అంటూ బ్రీన్ బంతి వెంటే వెళ్లి, అవతలి జట్టు లెబ్రాన్ జేమ్స్ చెయ్యి అడ్డుపడగానే గొంతు పెంచాడు. అడ్డుకోవడం అన్న ఒక్క మాట వచ్చేదాకా ఆ వరసలో పేర్లూ దిక్కులే తప్ప క్రియాపదం లేదు. తెలుగులో మనకు అసలు చిక్కు ఇక్కడే, ఎందుకంటే మన వాక్యానికి క్రియ చివర వస్తుంది. ‘కుడివైపు నుంచి దూసుకొచ్చిన ఆటగాడు అద్భుతమైన రీతిలో బంతిని అందుకుని...’ అని క్రికెట్ ధోరణిలో మొదలుపెట్టినవాడు వాక్యం ముగించేసరికి అవతలి జట్టు రెండు పాయింట్లు చేసేసి ఉంటుంది.

సంక్రాంతికి కోనసీమ ఊళ్లలో కబడ్డీ పోటీలకు మైకు పట్టుకునేవాళ్లకు ఈ సంగతి ఎవరూ నేర్పలేదు. కూతకు ఉన్నవి 30 సెకన్లే కనుక వాళ్ల నోటి వెంట ‘ఏడో నంబరు, బోనస్ గీత, కాలు... పట్టు!’ అన్న ముక్కలే వస్తాయి. వాళ్లకు సొంత ఊరి మీద పక్షపాతం ఉంటుంది, దాన్ని ఎవరూ తప్పు పట్టరు. బోస్టన్ సెల్టిక్స్ మాజీ ఆటగాడు టామీ హైన్‌సన్ రిఫరీల మీద బాహాటంగా విరుచుకుపడుతూ ఏళ్ల తరబడి అదే జట్టు ఆటలకు వ్యాఖ్యానించినా, అక్కడివాళ్లు ఆయన్ని సొంత మనిషిగానే చూసుకున్నారు. ఇక గొంతు నచ్చలేదన్న ఫిర్యాదును నేను లెక్కలోకి తీసుకోను. ఫైనల్స్‌కు టీవీ విశ్లేషకురాలిగా 2024లో కూర్చున్న తొలి మహిళ డోరిస్ బర్క్ మీద పడిన విసుర్లలో అలాంటివీ ఉన్నాయి.

అభిమానులు రెండుగా చీలేది, వ్యాఖ్యాత పక్కన కూర్చుని ఆటను విడమరిచే విశ్లేషకుల దగ్గర. బ్రీన్ పక్కన జెఫ్ వాన్ గండీ, మార్క్ జాక్సన్ కూర్చున్న రోజుల్లో ఆ ముగ్గురినీ వింటే నాకు మన తీర్థాల్లో బుర్రకథ దళం గుర్తొచ్చేది. నడుమ కథకుడు, ఒక పక్క లోకం పోకడను ఎత్తిపొడిచే వంత, మరో పక్క హాస్యం వంత. వాన్ గండీ ఆట నిబంధనల మీద రుసరుసలాడేవాడు, జాక్సన్ తన ఊతపదాలతో నవ్వించేవాడు. కథకుడు ఊపిరి తీసుకున్నప్పుడు వంత అందుకుంటే రక్తి కడుతుంది. యుద్ధ ఘట్టంలో కథకుడి మీదుగా పాడితే ఎంత మంచి గొంతైనా జనం కేకలేస్తారు. 2023లో ఆ జోడీని ఈఎస్‌పీఎన్ తప్పించాక, అంతకుముందు తిట్టినవాళ్లలోనే కొందరు బెంగపడడం చూశాను.

ఈ కొలతకు లొంగని మనిషి బిల్ వాల్టన్. 28 ఏళ్లు వచ్చేదాకా నత్తితో బాధపడిన ఈ మాజీ ఆటగాడు మైకు దొరికాక అడవులు, పర్వతాలు, సంగీతం అంటూ ఎక్కడెక్కడో తిరిగి తీరిగ్గా ఆటలోకి వచ్చేవాడు. అందుకే 2024లో ఆయన పోయేదాకా ఉత్తముల జాబితాలోనూ, అధముల జాబితాలోనూ ఆ పేరే కనిపించేది. ఒకవైపే సాగిపోతున్న ఆటలో ఆయన మాటలు నాకు హాయిగానే ఉండేవి. హోరాహోరీ ఆటలో మాత్రం శబ్దం తగ్గించాలనిపించేది.

లాస్ ఏంజెలెస్ జట్టు లేకర్స్ వ్యాఖ్యాత చిక్ హెర్న్ వరసగా 3,338 ఆటలకు మాట్లాడాడు. రేడియోకూ టీవీకీ చాలాకాలం ఆయన ఒకే వ్యాఖ్యానం వెళ్లేది. చూడలేనివాడికి సరిపడా చెబుతూనే చూస్తున్నవాడికి విసుగు పుట్టించకుండా ఉండడానికి పదాల పొదుపు ఎంత కావాలో ఊహించుకోవచ్చు. ‘స్లామ్ డంక్’ (ఎగిరి బంతిని బుట్టలోకి బలంగా దించడం), ‘ఎయిర్ బాల్’ (రింగుకైనా తగలని షాట్) లాంటి పొట్టి మాటల్ని వాడుకలోకి తెచ్చిన ఘనత ఆయనకే దక్కడంలో ఆశ్చర్యం లేదు.

ఐపీఎల్‌కూ, ప్రో కబడ్డీకీ తెలుగు వ్యాఖ్యానం అలవాటైంది కనుక రేపు బాస్కెట్‌బాల్‌కూ కావాలంటే, టీవీ వాళ్లు క్రికెట్ వ్యాఖ్యాతల గది దగ్గరికి కాక కబడ్డీ బరి దగ్గరికి వెళ్లాలని నా అభిప్రాయం. ఫోన్లో ఆట అయిపోయాక భీమవరం కుర్రాళ్లు కోర్టులోకి దిగితే, చోటు దొరకనివాడు అరుగు మీదే కూర్చుని ఖాళీ సీసాను మైకులా పట్టుకుంటాడు. ‘పొట్టోడి నుంచి బండోడికి, బండోడు లోపలికి, పైకి...’ అని ఆగుతాడు. రింగు మీద బంతి రెండు చుట్లు తిరుగుతుంది. ‘పడింది!’