మొదటి నైట్ డ్యూటీలో పక్కన ఎవరుంటారు?

వరంగల్, హన్మకొండ, కరీంనగర్ కళాశాలల్లో జీఎన్ఎం, బీఎస్సీ నర్సింగ్ పూర్తిచేసి, నర్సింగ్ కౌన్సిల్‌లో పేరు నమోదు చేయించుకున్న యువతీ యువకుల్లో చాలామందికి మొదట దొరికేది చదువుకు తగని జీతంతో, ఎడతెగని నైట్ డ్యూటీలతో ఉండే ప్రైవేటు కొలువే. ఇంట్లో అప్పు చేరమంటుంది. ముందు చేరి నలిగిపోయిన సీనియర్లు వద్దంటారు. ఈ సందిగ్ధంలో ఉన్నవారికి మా అభిప్రాయం సూటిగా చెబుతున్నాం. జీతం తక్కువైతే కొంతకాలం ఓర్చుకోవచ్చు. పని నేర్పే మనిషి లేని చోట మాత్రం చేరవద్దు.

చదువుకునే రోజుల్లో ఎంజీఎం వంటి పెద్దాసుపత్రి వార్డుల్లో ఎంత తిరిగినా, అప్పుడు రోగి బాధ్యత మరొకరిది. రోగి ఊపిరి తీరు మారుతున్నదని గుర్తించడం, ఏ క్షణంలో డాక్టర్‌ను నిద్ర లేపాలో తెలియడం, కేస్ షీట్‌లో రాసిన డోసుపై అనుమానం వస్తే ఇంజెక్షన్ ఆపి అడిగే ధైర్యం రావడం అనుభవజ్ఞురాలైన నర్సు పక్కన నిలబడి పనిచేస్తేనే అలవడతాయి. ఐసీయూలో ఒక నర్సుకు అప్పగించే రోగులు చాలా తక్కువమందే ఉండాలన్నది నర్సింగ్ ప్రమాణం. అలాంటి చోట నిన్న చేరిన అమ్మాయికి నలుగురు రోగులను అప్పగించి వెళ్లిపోయే ఆసుపత్రి ఎంత జీతమిచ్చినా, రేపు ఏదైనా జరిగితే నింద మోయవలసింది ఆ అమ్మాయే.

అందుకే ఇంటర్వ్యూలో జీతంతో పాటు మరికొన్ని మాటలు అడగాలి. మొదటి నెలల్లో ఎవరితో కలిసి డ్యూటీ వేస్తారు, రాత్రి వార్డుకు ఎందరు నర్సులు, హెపటైటిస్-బి టీకా మూడు డోసులు వేయిస్తారా, సూది గుచ్చుకుంటే 72 గంటలలోపే మొదలుపెట్టవలసిన హెచ్ఐవీ నివారణ మందులు ఇప్పించే ఏర్పాటు ఉన్నదా అన్నవి తెలుసుకోవాలి. వీలైతే చేరకముందే అక్కడ పనిచేస్తున్న నర్సుతో మాట్లాడటం మేలు. ఒరిజినల్ సర్టిఫికెట్లు తమ దగ్గరే పెట్టుకుంటామనే యాజమాన్యానికి నమస్కారం పెట్టి వచ్చేయాలి. మానేసేటప్పుడు ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్ ఇస్తారా అన్నది ముందే తేల్చుకోవాలి. గల్ఫ్‌కు వెళ్లాలనుకునే కరీంనగర్, జగిత్యాల పిల్లలకు ఇది మరీ ముఖ్యం, ఎందుకంటే అక్కడి నియామకాల్లో తరచుగా రెండేళ్ల అనుభవంతో పాటు అది ఎన్ని పడకల ఆసుపత్రిలో సంపాదించినదో కూడా చూస్తారు.

సర్కారు కొలువు లక్ష్యమైతే లెక్క వేరు. 2024లో తెలంగాణలో 2,050 నర్సింగ్ ఆఫీసర్ పోస్టులకు వెలువడిన ప్రకటనలో రాత పరీక్షకు 80 మార్కులు, ప్రభుత్వ ఆసుపత్రుల్లో కాంట్రాక్టు, ఔట్‌సోర్సింగ్ పద్ధతిలో చేసిన సేవకు 20 మార్కులు కేటాయించారు. గిరిజన ప్రాంతంలో ప్రతి ఆరు నెలల సేవకు 2.5, ఇతర చోట్ల 2 మార్కులు. అంటే గిరిజన ప్రాంతంలో నాలుగేళ్లు చేసినవారికి పూర్తి 20 మార్కులు దక్కుతాయి. ప్రైవేటులో ఎన్నేళ్లు చేసినా ఆ ఖాతాలో పడేది సున్నా. హన్మకొండలో మెరుగ్గా కనిపించే ప్రైవేటు జీతాన్ని వదులుకుని గిరిజన ప్రాంతమైన ఏటూరునాగారం వైపు ఔట్‌సోర్సింగ్‌లో వెళ్లే అమ్మాయిని తెలివితక్కువదని బంధువులు అనుకోవచ్చు గానీ, ఆమె లెక్క ఆమెకున్నది. ఔట్‌సోర్సింగ్‌లో జీతాలు నెలల తరబడి ఆలస్యమవుతున్నాయన్న ఫిర్యాదులు మేము తరచూ వింటున్నాం కనుక, చేతిలో కొంత నిల్వ లేకుండా ఆ దారి పట్టడం కష్టమని కూడా చెప్పాలి.

ఓర్చుకోవచ్చన్నామని తక్కువ జీతం న్యాయమని అర్థం చేసుకోరాదు. సుప్రీంకోర్టు 2016లో ఇచ్చిన ఆదేశం మేరకు కేంద్రం వేసిన కమిటీ, 50 పడకలలోపు ఆసుపత్రి కూడా నర్సుకు నెలకు 20,000 రూపాయలకు తగ్గకుండా ఇవ్వాలని, 200 పడకలు దాటినచోట ప్రభుత్వ నర్సుతో సమానంగా ఇవ్వాలని సిఫారసు చేసింది. ఏళ్లు గడిచినా ఆ అంకె అందని నర్సులు మన జిల్లాల్లో ఇంకా ఉన్నారు. పదిమంది, అంతకు మించి పనిచేసే చోట 21,000 రూపాయలలోపు జీతగాళ్లకు ఈఎస్ఐ, ఇరవైమంది, అంతకు మించి ఉన్నచోట పీఎఫ్ చట్టం ప్రకారం రావలసినవే. ఇవి కూడా దక్కకపోతే కార్మిక శాఖ అధికారులు ఏం తనిఖీ చేస్తున్నట్టు?

ఒంటరిగా బేరమాడే బలం ఇరవై రెండేళ్ల అమ్మాయికి ఉండదు. ఆ బలం ప్రభుత్వానికి ఉన్నది. ఆరోగ్యశ్రీ జాబితాలోని ప్రైవేటు ఆసుపత్రులకు అది ప్రజాధనమే చెల్లిస్తున్నది. షిఫ్టుకు ఎందరు నర్సులున్నారు, వారికి బ్యాంకు ఖాతాలో ఎంత జీతం జమ చేస్తున్నారు అనే వివరాలు ఇచ్చిన ఆసుపత్రులకే ఆ బిల్లులు మంజూరు చేయాలని, కమిటీ చెప్పిన కనీస జీతం ఇవ్వని వాటిని జాబితా నుంచి తొలగించాలని మేము కోరుతున్నాం.