ప్లైట్‌గెన్ కథలో అసలు సరుకు వదిలేశారు
జర్మన్ టీవీ జర్నలిస్ట్ ఫ్రిట్జ్ ప్లైట్‌గెన్ గురించి రాసిన వ్యాసం ఒకటి చదివాను, దాంట్లో సగం ఆయన 1995 నుంచి 2007 దాకా డబ్ల్యూడీఆర్ అనే జర్మన్ రేడియో, టీవీ సంస్థకి హెడ్‌గా చేసిన సంగతే ఉంది, ఆ కుర్చీ ఎక్కకముందు చేసిన రిపోర్టింగే కదండీ అసలు సరుకు! మాస్కోలో కొన్నేళ్లు చేసి 1977లో తూర్పు బెర్లిన్ వెళ్లాడు, అక్కడ అంతకుముందున్న పశ్చిమ జర్మనీ టీవీ నెట్‌వర్క్ ఏఆర్‌డీ రిపోర్టర్ లోథార్ లోవెని 1976 డిసెంబర్‌లోనే తూర్పు జర్మనీ నుంచి వెళ్లగొట్టారు, అంటే ఒక్క మాట తేడా వస్తే తన గతీ అంతేనని తెలిసే వెళ్లాడన్నమాట.

తమాషా ఏంటంటే ఆయన పంపిన స్టోరీలు పశ్చిమ జర్మనీ టీవీలో వస్తే, తూర్పు జర్మనీ జనం ఇంటిమీద యాంటెన్నా పడమరకి తిప్పుకుని తమ వీధి సంగతులు అట్నుంచి చూసేవాళ్లు. తూర్పు జర్మనీలోనే ఉన్న డ్రెస్డెన్ నగరం వైపు ఆ సిగ్నల్ అందేది కాదు, పాపం ఆ ఏరియాకి ‘ఏమీ తెలీనోళ్ల లోయ’ అని పేరే పెట్టేశారు 😀

తర్వాత వాషింగ్టన్‌లో కూడా రిపోర్టర్‌గా చేశాడు. 1997లో పార్లమెంట్ చర్చలు లైవ్‌లో చూపించే ఫీనిక్స్ ఛానల్ మొదలైంది కూడా ఆయన డబ్ల్యూడీఆర్‌లో ఉన్నప్పుడే, దాని గురించి ఒక్క లైనన్నా రాయాల్సింది.