గ్రిప్పర్ కన్నా కడ్డీకి వేలాడటమే మేలు

ఆర్మీ భర్తీ ర్యాలీకి సిద్ధమయ్యే కుర్రాళ్లు కసరత్తు సామగ్రిని ఇంటి దగ్గరే చేసుకోవచ్చని చెప్పిన మీ వ్యాసం మా శ్రీకాకుళం జిల్లాకి చాలా అవసరం. కానీ చేతి పట్టు కోసం, పిడికిట్లో పెట్టి నొక్కే స్ప్రింగ్ గ్రిప్పర్ కొనమని అందులో రాయడం నాకు నచ్చలేదు. గ్రిప్పర్ నొక్కడం వేరు, ఒంటి బరువంతా వేళ్ల మీద మొయ్యడం వేరు. ర్యాలీలో కడ్డీకి వేలాడి ఒంటిని పైకి లాగే పుల్ అప్స్ 10 తీస్తే 40 మార్కులు. అక్కడ చాలామందికి వీపు కన్నా ముందు చెయ్యి జారిపోతుంది.

రెండు గుంజలు లోతుగా పాతి జీఐ (జింకు పూత వేసిన ఇనుప) పైపు అడ్డంగా బిగించండి. దానిమీద తువ్వాలు వేసి, రెండు కొసలూ పట్టుకుని వేలాడండి. ఇసుక నింపిన పెయింట్ డబ్బాలు రెండు చేతులా పట్టుకుని నడవండి. ముంజేతులు ఎలా గట్టిపడతాయో మీకే తెలుస్తుంది.

తాడు పట్టుకుని పైకి ఎక్కే సాధనకి మాత్రం పాత కొబ్బరి తాడు వాడొద్దు తమ్ముళ్లూ. ఉద్దానం వైపు తోటల్లో ఊరికే దొరుకుతుంది నిజమే, కానీ వానకి నాని ఎండిన తాడు లోపల పుచ్చిపోయినా పైకి కనబడదు. ఇంకోటి, కండ బలపడినంత త్వరగా, దాన్ని ఎముకకి కలిపే స్నాయువులు బలపడవు. మోచేయి నొప్పి మొదలైతే వేలాడటం ఆపండి, ర్యాలీ దగ్గరపడిందని టెన్షన్‌తో లాగించొద్దు.

ఈ జాగ్రత్తలు కూడా వ్యాసంలో చేర్చాలని ఎడిటర్ గారికి నా మనవి.